రొండిలో అయిదు తూటాలు

కర్నూలు స్టేషన్లో దిగేసరికి మధ్యాహ్నం రెండు. వైశాఖం. ప్లాట్‌ఫారం మీద కుక్క కూడా లేదు. నా సామాను ఒక రేకు పెట్టె, ఒక కంబళి, ఎడమ తొడలో డాక్టర్లు తియ్యలేక వదిలేసిన ఇనుప ముక్క.

రెండేళ్లు బర్మా కొండల్లో తిప్పి, తొడ కుట్లు మానగానే తెచ్చి మా కమలాపురానికి ఒక్క రోజు ప్రయాణంలో పడేశారు. ఇదీ డ్యూటీయే అంటే మా అమ్మ నమ్మలేదు. మీరు కూడా ఎప్పుడూ బర్మా గురించే అడుగుతారు. నాకు నిద్రలో వచ్చేది మాత్రం కర్నూలులో చేసిన ఆ తొమ్మిది రోజుల పని.

మూడు గంటలకు పటాలం డిపోలో సుబేదారు ముందు నిలబడ్డాను. ఆయన కుర్చీలోంచి లేవకుండానే ఆర్డరు చెప్పాడు.

"ఒక సాక్షి ఉన్నాడు. తొమ్మిదో రోజు కోర్టులో బోనెక్కాలి. అందాకా వాణ్ణి బతికించు. యూనిఫాం వద్దు."

సాక్షి పేరు నరసప్ప. కోడుమూరు పక్క పల్లెలో మెట్ట రైతు, అరవై ఏళ్లుంటాయి. చేని గట్టు తగాదాలో ఆయన తమ్ముణ్ణి జొన్న చేలోనే నరికేశారు. చూసినవాళ్లు ముగ్గురు. అందులో ఇద్దరు అప్పటికే మాట మార్చారు. అవతలిది బలగమున్న ఇల్లు. జిల్లా పోలీసుల ముఖాలన్నీ వాళ్లకు తెలుసు. అందుకని ఎవరికీ తెలియని నన్ను పంచె కట్టించి, నరసప్ప అక్క కొడుకునని చెప్పి ఆయన పక్కన పెట్టారు. ఆ సాయంత్రం నుంచే ఆయన నన్ను అల్లుడా అని పిలవడం మొదలుపెట్టాడు. నేను మామా అన్నాను.

ఇక ఆయుధం. డిపోలో ఆయుధాలు చూసే మిస్త్రీ కర్నూలు పాతబస్తీ మనిషి. వాళ్ల నాన్న తాళాలు, నాటు తుపాకులు బాగుచేసేవాడట. ఈయన కంబళి పరిచి మూడు పెట్టాడు. ఒకటి పెద్ద సర్వీసు రివాల్వర్. అంగీ కింద దోపుకుంటే కడుపులో గడ్డ లేచినట్టు కనబడింది. దాన్ని వెంటనే పక్కన పెట్టాం. రెండోది పల్చటి ఆటోమేటిక్ పిస్తోలు, ఎవరో దొర వదిలి వెళ్లింది. చేతిలో పట్టుకోగానే నా మనసు దాని మీద పడింది. మూడోది పొట్టి రివాల్వర్. తూటాలు అయిదే. బట్టకు తగులుకోకుండా దాని సుత్తి లోపలే దాగి ఉంటుంది. చూడ్డానికి మొద్దు.

"ఇదే ఇయ్యి మిస్త్రీ," అని పిస్తోలు పట్టుకున్నాను.

"ఇస్తా. ముందు మూడు దినాలు మొలకు కట్టుకోని తిరుగు. కుచ్చో, లెయ్యి, తిను, పండుకో. యాడా తుడవద్దు."

బెల్టు లేదు కాబట్టి దళసరి గుడ్డతో చిన్న సంచి కుట్టి మొలతాడుకు కట్టాడు. పైన పంచె మడత. పొట్టి రివాల్వర్‌ను అలాగే తన మొలకు కట్టుకున్నాడు. నరసప్పను డిపోలోనే సిపాయిల మధ్య ఉంచి, మూడు రోజులు పగలంతా ఇద్దరం ఎర్రదుమ్ములో తిరిగాం. నాలుగో రోజు ఉదయం ఏడింటికి హంద్రీ ఇసుకలో నిలబడి కాల్చాం. నా పిస్తోలు ఒకటి పేల్చి, రెండోది గొంతులో ఇరికించుకుంది. విప్పి చూస్తే లోపల పంచె నూగు, దుమ్ము, నా చెమట. మిస్త్రీ రివాల్వర్ అయిదుకు అయిదూ పేలింది.

నా మొహం చూసి ఆయనకు జాలేసింది. "దీని తప్పేం ల్యాదప్పా. ఇది తోలు పెట్టెలో పండుకొనేకి పుట్టినాది. నువ్వేమో పంచెలో కట్టి దుమ్ములో తిప్పుతాండావు."

"నీ రివాల్వర్ మీట శానా గట్టి కదా మిస్త్రీ?"

"మొలకు కట్టుకొనేది మెత్తగుంటే ఏమయితాదో నేను చెప్పాల్నా?"

పిస్తోలు తిరిగిచ్చి, పొట్టి రివాల్వర్ నా మొలకు కట్టుకున్నాను.

అయిదో రోజు నరసప్ప మొరాయించాడు. మంత్రాలయం పోయి పొర్లుదండాలు పెట్టకుండా బోనెక్కనన్నాడు. సుబేదారు అరిచాడు, బతిమాలాడు, ఫలితం లేదు.

"ఆ ఇంటోళ్లు మూడుతూర్లు మనుషుల్ని పంపించి బెదిరించినారు సామీ. నాకు బయమైతాండాది. స్వామి దగ్గర దైర్యం తెచ్చుకోకుంటే బోన్లో నా నోరు లెయ్యదు."

సుబేదారు సరేననక తప్పలేదు. ఆరో రోజు ఉదయం ఆరుకు బొగ్గుతో నడిచే బస్సెక్కాం. నరసప్ప, నేను, మిస్త్రీ. కోడుమూరులో బస్సు ఆగినప్పుడు ఆయన తల మీద తుండు కప్పుకుని వంగి కూర్చున్నాడు. సొంత ఊరి పక్కన అలా దాక్కోవలసి వచ్చినందుకు నాకే తల కొట్టేసినట్టయింది. ఎమ్మిగనూరు మీదుగా మంత్రాలయం చేరేసరికి పదకొండు.

తుంగభద్రలో నీళ్లు తొడల దాకానే ఉన్నాయి. నరసప్ప మునిగాడు. నేను గట్టున నిలబడ్డాను, తూటాలు తడవకూడదని.

"నువ్వు మునగవా అల్లుడా?"

"జలుబు మామా."

మఠంలోకి మగవాళ్లు అంగీ విప్పి పోవాలి. తుండు నడుముకు చుట్టుకోవడం అక్కడి మర్యాద, నాకు అదే కలిసొచ్చింది. రివాల్వర్ ఉన్నట్టు ఎవరికీ తెలియదు. అంగీలు పట్టుకుని మిస్త్రీ గేటు దగ్గర కూర్చున్నాడు. ఆ పెద్ద రివాల్వర్ తెచ్చి ఉంటే నేనూ ఆయన పక్కనే కూర్చోవలసి వచ్చేది.

నరసప్ప బృందావనం చుట్టూ తడిపంచెతో పొర్లడం మొదలుపెట్టాడు. పొర్లేవాళ్లు కళ్లు మూసుకుంటారు, చేతులు తల మీదికి చాచి జోడిస్తారు. దారి తప్పి గోడకో స్తంభానికో కొట్టుకోకుండా ఇంటివాళ్లు పక్కన నడుస్తూ సరిచేయాలి. మేనల్లుణ్ణి కాబట్టి ఆ పని నాది. మొదటి చుట్టు అయింది. రెండోది అయింది.

మూడో చుట్టులో, స్తంభం దగ్గర నిలబడిన ఒకణ్ణి చూశాను. పాతికేళ్లుంటాయి. అంగీ లేదు, నడుముకు తుండు ఉంది, అందరిలాగే ఉన్నాడు. కానీ అతని పంచె పొడిగా ఉంది. పొర్లేవాళ్లు, వాళ్ల పక్కన నడిచేవాళ్లు అందరూ ఏటిలో మునిగి వచ్చినవాళ్లే. పంచెల నుంచి కారిన నీళ్లతో బండలన్నీ తడి. ఆ వరసలో పొడి పంచెలు రెండే, అతనిదీ నాదీ. తడిపంచె ఒంటికి అంటుకుంటే బయటపడే వస్తువేదో అతని రొండిలో కూడా ఉందన్నమాట. అతనూ నా పంచె వంక చూశాడు. ఇద్దరికీ తెలిసిపోయింది.

మా మధ్య నాలుగడుగులు. చుట్టూ ఆడవాళ్లు, పిల్లలు. నేను తుండు కిందికి చెయ్యి పోనిచ్చాను. ఈలోపు నేను మామను చూసుకోవడం మర్చిపోయాను. ఆయన దారి తప్పి నేరుగా స్తంభం వైపు, అతని కాళ్ల దగ్గరికి పొర్లుకుంటూ పోయాడు.

అతను గబుక్కున వంగాడు. నాకు వీపు, ముందుకు పోయిన మోచెయ్యి కనిపించాయి, అంతే. పొడుస్తున్నాడనుకున్నాను. రివాల్వర్ బయటికి తీయకుండా గుడ్డలోంచే అతని వీపుకు గురి పెట్టి మీట నొక్కాను. గట్టి మీట. సగం వచ్చింది.

ఠప్పుమన్న చప్పుడు వినబడింది. అది తూటా పేలిన చప్పుడు కాదు, తల రాతికి కొట్టుకున్న చప్పుడూ కాదు. స్తంభం అంచుకూ నరసప్ప నెత్తికీ మధ్య అతను అరచెయ్యి అడ్డం పెట్టాడు. పొర్లేవాడు కాళ్ల దగ్గరికి వస్తే పక్కనున్నవాడు ఎవరైనా చేసే పనే. ఆలోచించి చేసింది కాదు.

"ఇట్ల తిరుగు పెద్దాయనా," అన్నాడు.

నరసప్ప కళ్లు తెరవకుండానే అటు తిరిగి పొర్లుకుంటూ పోయాడు. నా వేలు మీట మీదే ఉంది. దాన్ని వదలడానికి చాలాసేపు పట్టింది.

అతను పారిపోలేదు. మామ పొర్లడం ముగించి తీర్థం వరసలో నిలబడ్డాక, నేను రమ్మంటే గేటు దాకా నడిచి వచ్చాడు. రొండిలోంచి పిడిబాకు తీసి మిస్త్రీ ఒళ్లోని అంగీల మీద పెట్టాడు.

"ఆ ఇంట్లో జీతానికుండా. పెద్దాయన్ను పొడిసేకి పంపించినారు. నా చేత కాల్యా," అన్నాడు.

మిస్త్రీ బాకును అంగీలో చుట్టి అతని చెయ్యి చూశాడు. వేళ్ల కణుపులు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. తన తుండు చింపి కట్టు కట్టాడు. "నీకు మీవాళ్లు యాడన్నా ఉండారా?" అని అడిగాడు. కడప దగ్గర అక్క ఉందన్నాడు. "ఆడికే పో. మళ్లా ఆ ఇంటి గడప తొక్కొద్దు." సిపాయిలుగా అతణ్ణి అప్పజెప్పడం మా విధి. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. అది తప్పే. ఇప్పటికీ నాకు దిగులు లేదు.

తిరుగు బస్సులో నరసప్ప హుషారుగా ఉన్నాడు. నెత్తి తడుముకుంటూ చెప్పాడు. "ఆడ ఎవురో పిల్లోడు, నా తలకు చెయ్యి అడ్డం పెట్టినాడల్లుడా. లేకుంటే పగిలిపోయేది. ఎవురు కన్న బిడ్డో, సల్లగుండాల."

నేను ఊఁ అన్నాను.

తొమ్మిదో రోజు ఆయన బోనెక్కి రెండు గంటలు చెప్పాడు. గొంతు ఒక్కసారి కూడా తగ్గలేదు. ఆ సాయంత్రం రిపోర్టు ఇచ్చాను. తూటాలు తీసుకున్నవి అయిదు, తిరిగి ఇచ్చినవి అయిదు, చెప్పదగిన సంఘటన ఏదీ లేదు. మర్నాడు కమలాపురం చేరాను. ఎక్కడా కాల్పులు జరగలేదని విని మా అమ్మ సంతోషించింది.

బర్మాలో నేను మనుషుల్ని చంపాను. వాళ్ల ముఖాలు గుర్తు లేవు. ఇక్కడ ఎవరినీ చంపలేదు. అయినా కళ్లు మూసుకుంటే అదే కనబడుతుంది. రాతికీ తలకూ మధ్య ఒక చెయ్యి. దాని వెనక నాలుగడుగుల దూరంలో, ఆ మనిషి వీపుకు గురిపెట్టి నేను.