డబుల్ స్పీడ్ స్టిక్కరూ, గంగారాం కుడిచెయ్యీ

1986. దుబాయ్‌లో కరామా. కింద కొట్లు, పైన రెండు మూడంతస్తుల ఫ్లాట్లు, ఒక్కో గదిలో ఆరేడు మంచాలు. ఆ వీధిలో టీవీలు, వీసీఆర్‌లు, ఆటల మెషీన్లు అమ్మి, బాగుచేసే కొట్టులో నేను టెక్నీషియన్ని. తెనాలిలో రేడియోలు విప్పి నేర్చుకున్న విద్య అది. ఇప్పటికీ ఎవరైనా "కొత్త ప్రాసెసర్ ఉన్న గేమ్ మెషీనే కొనాలా?" అని అడిగితే ముందు గంగారాం కుడిచెయ్యి గుర్తొస్తుంది. ఆ వెంటనే ఒళ్ళు మండుతుంది.

ప్రాసెసర్ అంటే మెషీన్ లోపల లెక్కలు చేసే చిప్పు. దాని పక్కనే క్రిస్టల్ అని గోరంత లోహపు డబ్బీ ఉంటుంది. చిప్పు ఎంత వేగంగా నడవాలో చెప్పేది అదే. ఆ రోజుల్లో దుబాయ్‌లో ఎవరిని చూసినా లేటెస్ట్ పిచ్చి. నిన్నటి మోడల్‌ని తాకితే అంటు అన్నట్టుండేవారు. మా ముదీర్, అంటే మా మేనేజరు, ఆ పిచ్చిని బాగా కనిపెట్టాడు. పేరూ ఊరూ లేని మెషీన్లు తెప్పించి నా బల్ల మీద పెట్టేవాడు. నేను పాత చిప్పు పీకి, అదే జాతిలో పై గ్రేడు చిప్పు, దానికి తగ్గ వేగమైన క్రిస్టల్ వేసి మూత బిగించేవాణ్ణి. పైన 'డబుల్ స్పీడ్' అని ఎర్ర స్టిక్కరు అతికించడం ముదీర్ పని. షోరూంలో విమానాలు రయ్యిన దూసుకుపోతుంటే జనం నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు.

ఒక సాయంత్రం సువార్తమ్మ అనే నర్సు వచ్చింది. భీమవరం వైపు మనిషి. చేతిలో ఆరేడేళ్ళ నాటి బంతీ-బ్యాటూ ఆట మెషీన్. అందులో ప్రాసెసరే లేదు. ఆ ఒక్క ఆట ఆడించడానికే చేసిన చిప్పు ఒకటి, ఇద్దరు ఆడడానికి గుండ్రటి బిరడాలు రెండు. బిరడా తిప్పితే టీవీలో బ్యాటు పైకీ కిందకీ కదులుతుంది.

"అన్నయ్యగారూ, ఇది బాగవుద్దా అండీ? బ్యాటు ఎగిరెగిరి పడతాంది. మా వార్డులో ఒక పేషెంటు ఉన్నాడు, ఆయన చేతికి దీంతోనే..."

ఆమె మాట పూర్తి కానేలేదు. ముదీర్ మధ్యలో దూరాడు. "సిస్టర్, యే ఖలాస్ హై! నయా ప్రాసెసర్ లే జావ్, డబుల్ స్పీడ్!" పాతది ఎక్స్‌ఛేంజిలో తీసుకుంటానన్నాడు.

ఆమె నా వైపు చూసింది. ఆ మెషీన్‌కి వచ్చిన రోగం బ్యాటు ఎగిరిందనగానే నాకు తెలిసిపోయింది. బిరడా కింద పొటెన్షియోమీటర్ అనే భాగం ఉంటుంది, మేము పాట్ అంటాం. అందులో నల్లటి కార్బన్ పట్టీ మీద మురికి పట్టింది. కాస్త క్లీనర్ కొట్టి నాలుగుసార్లు తిప్పితే పోతుంది. పది నిమిషాల పని. కానీ పాత మెషీన్లు బాగుచేయకూడదని ముదీర్ ఆర్డరు. నేను తల దించుకుని, చేతిలో ఉన్న వేరే బోర్డుకి టంకం వేస్తూ కూర్చున్నాను. ఆమె కొత్త మెషీన్ తీసుకుని వెళ్ళిపోయింది. పాతది తుక్కు అరలోకి పోయింది.

రెండు వారాలకి, ఒక గురువారం సాయంత్రం మళ్ళీ వచ్చింది. ఈసారి 'గారూ' లేదు.

"ఏం మెషీన్ అంటగట్టారయ్యా మాకు? మనిషి బతుకు తీసేత్తాంది అది!"

అప్పుడు విన్నాను, రెండు వారాల క్రితమే వినాల్సిన సంగతి. ఆ పేషెంటు పేరు గంగారాం. జగిత్యాల దగ్గర పల్లె. ఇక్కడ స్టీల్ ఫిక్సరు, అంటే స్లాబు పోయకముందు ఇనుప సలాకల్ని బైండింగ్ వైరుతో కట్టే మనిషి. సలాకలు వంచే మెషీన్‌లో కుడిచెయ్యి నలిగింది. పిండికట్టు విప్పాక వేళ్ళు బిగుసుకుపోయాయి. కసరత్తు చెయ్యమంటే విసుక్కునేవాడట. సువార్తమ్మ ఆ బంతాట పెట్టి బిరడా చేతికిచ్చాక మనిషి మారిపోయాడు. వైరు మెలిపెట్టడానికి బొటనవేలూ చూపుడువేలూ ఎలా తిరగాలో బిరడాకీ అలాగే తిరగాలి. డ్యూటీ దిగాక ఆమె ఎదురు ఆడేది. పదిహేను పాయింట్ల ఆటలో ఒకటీ రెండూ నుంచి తొమ్మిది దాకా వచ్చాడు.

కొత్త మెషీన్‌లోనూ బంతాట ఉంది, కానీ అది పెట్టాక సున్నా. ఏ రోజు చూసినా సున్నా. 'నా చెయ్యి సచ్చిపోయింది సిస్టరమ్మా' అని గోడవైపు తిరిగి పడుకున్నాడట. అదే సమయానికి కంపెనీ తరఫున వీసా కాగితాలు చూసే మందూబ్ వచ్చి, వెనక నిలబడి ఆట చూశాడు. 'హాథ్ ఖలాస్', చెయ్యి పని అయిపోయింది అన్నాడు. శనివారం డాక్టరు చేత పనికిరాడని రాయించి, వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపేస్తానన్నాడు.

నా చెవులు వేడెక్కాయి. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ముదీర్ మీదా, స్టిక్కరు మీదా, మనిషి చేతిని టీవీలో చూసి తీర్పు చెప్పిన ఆ మందూబ్ మీదా వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువ ఆ రోజు తలదించుకుని టంకం వేసిన వెధవ మీద వచ్చింది.

మంచి ప్రాసెసర్ వల్ల లాభం లేదని నేను అనను. ఒకేసారి పది విమానాలు చూపించాలంటే అది కావలసిందే. కానీ ఆట రాసినవాడు బంతి నడకని దేనికి కట్టాడో చూడాలి. కొన్ని ఆటల్ని టీవీ బొమ్మ మారే లయకి కడతారు, చిప్పు మార్చినా బంతి తన నడకే నడుస్తుంది. చౌకరకం ఆటల్లో చిప్పు లెక్కపెట్టే వేగానికే కట్టేస్తారు. అక్కడ చిప్పు పరిగెడితే బంతీ పరిగెడుతుంది. మనిషి చెయ్యి మాత్రం పరిగెత్తదు. పైగా మేం అమ్మిన ఆ చౌకరకం మెషీన్‌కి బిరడా కూడా లేదు, అటూ ఇటూ తోసే కర్ర ఒకటి. ఈ ముక్క నాకు ముందే తెలుసు, బల్ల మీద రోజూ చూస్తున్నదే. ఆడేది ఎవరని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

ఆ చిప్పు వేసిందీ, తెలిసీ నోరు మెదపనిదీ నేనేనని సువార్తమ్మకి ఒప్పుకుని, తుక్కు అరలోంచి పాత మెషీన్ తీసి సంచిలో వేసుకున్నాను. శుక్రవారం సెలవు కదా, గదిలో కూర్చుని పాట్‌లు రెండూ శుభ్రం చేశాను. నిజంగానే పది నిమిషాలే పట్టింది. శనివారం ఉదయం ఒంట్లో బాలేదని కబురు పెట్టి ఆసుపత్రికి పోయాను.

వార్డు చివర టీవీ గది. మందూబ్ కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు, డాక్టరు ఇంకా రాలేదు. గంగారాం కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో వస్తువు అప్పగించినట్టు దాన్నే చూసుకుంటున్నాడు.

నేను మందూబ్‌కి హిందీలోనే చెప్పాను. "సాబ్, మీ చెయ్యి బాగానే ఉంది కదా? ఒక్క ఆట ఆడండి."

నవ్వుతూ కూర్చున్నాడు. డబుల్ స్పీడ్ మెషీన్. మొదటి బంతి పోయింది. రెండోది పోయింది. ఉంగరాలున్న లావుపాటి చేత్తో కర్రని గుంజుతూనే ఉన్నాడు, వరసగా పదిహేనూ పోయాయి.

"హాథ్ ఖలాస్, సాబ్?" అన్నాను.

సువార్తమ్మ వైర్లు మార్చి పాతది పెట్టింది. ఒక బిరడా మందూబ్‌కి, ఒకటి గంగారాంకి. గంగారాం పట్టుకోనన్నాడు. "వద్దమ్మా, మల్ల గట్లనే అయితది" అన్నాడు. ఆమె అతని వేళ్ళు బిరడా మీద పెట్టి, "నా మీద ఒట్టు, ఒక్కసారి" అంది. మొదట మూడు పోయాయి. నాలుగోది తగిలింది. ఆ టక్కుమన్న చప్పుడుకి అతని వీపు నిటారైంది. ఆట మధ్యలో డాక్టరు వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయారు, టీవీని వదిలేసి గంగారాం బొటనవేలినే చూస్తూ.

పదిహేను - పన్నెండు. గెలిచింది మందూబే. డాక్టరు అతని కాగితం తీసుకుని, ఇంకో ఆరు వారాలు కసరత్తు అని రాసి చేతిలో పెట్టారు.

కొట్టుకి వెళ్తే ముదీర్ నా బల్ల మీద నాలుగు కొత్త మెషీన్లు పెట్టి ఉంచాడు, పక్కనే ఎర్ర స్టిక్కర్ల చుట్ట. "యల్లా, యల్లా" అని తొందరపెట్టాడు. ఆ పని ఇక చెయ్యనన్నాను. ఆ నెలాఖరుకి వేరే కొట్టు వెతుక్కున్నాను.

కొన్ని నెలల తర్వాత ఒక శుక్రవారం గంగారాం నా గది వెతుక్కుంటూ వచ్చాడు. మళ్ళీ పనిలో ఉన్నాడు. నా మంచం కోడు ఊగుతుంటే జేబులోంచి బైండింగ్ వైరు ముక్క తీసి, కుడిచేత్తో రెండు మెలికలు పెట్టి బిగించేశాడు. ఇక ఉండబట్టలేక చెప్పేశాను.

"గంగారాం, ఆ డబుల్ స్పీడ్ చిప్పు వేసింది నేనేనయ్యా."

"ఎర్కే సారూ. సిస్టరమ్మ చెప్పింది." కట్టుని ఇంకోసారి లాగి చూసి అన్నాడు. "గా దినమే నువ్వు నోరు తెరిస్తే గింత లొల్లి కాకపోవు గద."

అందులో కోపం లేదు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. ఆ తర్వాత కొట్లలో నోరు తెరిచినందుకు నాకు రెండు ఉద్యోగాలు పోయాయి. వాటి గురించి మాత్రం నాకు ఎవరి మీదా కోపం లేదు.