మాస్కు మీది చిలుక

కరోనా తగ్గి బడులు తెరిచిన కొత్తలో సూరత్‌లో నేను పదో తరగతి. ఊరి నుంచి వలసొచ్చిన మా అమ్మానాన్నలది లూమ్ కార్ఖానాలో, మరమగ్గాల మీద పని. బడిలో అందరికీ తెలివితేటల పరీక్ష పెట్టి, ఫలితాలు తల్లిదండ్రుల పనిని బట్టి గుంపులవారీగా చదివారు. లూమ్ పనోళ్ల పిల్లలం పదకొండు మందిమి అట్టడుగున ఉన్నాం. "వీళ్లకు సైన్స్ దండగ" అన్నారు పరీక్ష పెట్టిన సారు, హిందీలో, మా ముందే.

సిగ్గుతో తల దించుకున్నాను. పక్కనున్న లావణ్య నా జవాబు పేపర్ లాక్కుని, మిగతావాళ్లవి కూడా చూసి, "గిదేందే, మనందరిదీ ఒక్కటే తప్పు!" అంది. డిజైన్‌లో లేని ముక్కను గుర్తుపట్టే ప్రశ్నలన్నిటికీ మేం కుడిఎడమలు తిరగేసిన బొమ్మనే ఎంచుకున్నాం.

"నకల్ కొట్టారా?" అని సారు గద్దించారు.

లేచి నిలబడి, మాస్కు తీశాను. అమ్మ చీర ముక్కతో కుట్టిన మాస్కది. పైన చిలుక ఎడమకు చూస్తుంది, లోపలివైపు కుడికి. "మగ్గం మీద చీర బోర్లా ఉంటుంది సార్. వెనకవైపు చూసి ముందువైపును మనసులో తిప్పుకోవడం మాకు చిన్నప్పటి అలవాటు" అన్నాను.

సారు మాస్కు తీసుకుని రెండువైపులా తిప్పి చూశారు. మర్నాడు, "బొమ్మ తిప్పకండి" అని ముందే చెప్పి కొత్త ప్రశ్నలిచ్చారు. డిజైన్ల భాగంలో మేమే ఫస్టు! ఆ మాట సారే అందరిముందు చదివారు.

తెలివి తక్కువని ఎవరు ఎవరినన్నా, నాకు ఆ చిలుకే గుర్తొస్తుంది. ఆ సాయంత్రం నాన్న అన్న మాట కూడా.

"మీ సారును ఒక్కపూట మగ్గం కాడికి తోల్కరా బిడ్డా. ఆయనకు గూడ జర పరీక్ష పెడదాం."