ఎద్దుల గుగ్గిళ్లు

చలిజ్వరం నన్ను వదిలి వెళ్లేటప్పుడు ఒంట్లో ఉన్న కండంతా మూటగట్టుకుపోయింది. ఇరవై ఏళ్లవాణ్ని, పంచె ఎంత బిగించి కట్టినా నడుము మీద నిలిచేది కాదు. అప్పుడే నౌపడ నుంచి మావ నన్ను చూడడానికి వచ్చాడు. అమ్మకి సొంత తమ్ముడు, ఉప్పు కొఠార్ల దగ్గర మేస్త్రీ. బస్తాలు మోసే జట్టులో నన్ను చేర్చుకోమని అమ్మ అడిగింది.

మావ నా జబ్బని రెండు వేళ్లతో పట్టి చూసి నవ్వాడు.

"అప్పా, ఈడు బస్తా మోత్తాడేటి? బస్తాయే ఈడిని మోసుకెల్లాల. ఉప్పు తీత మొదలయ్యేలోగా కండ పట్టించు. బల్ల మీద నుంచి రైలు వేగను లోపలికి బస్తా దించకండా పట్టుకెల్తే ఆ పూటే జట్టులో ఏసుకుంతాను. నేదంతే నా సేతిలో ఏటీ నేదు."

లేదంటే ఏమిటో అమ్మకీ నాకూ తెలుసు. రంగం. మా వైపు పని దొరకని మగవాడు బారువ రేవులో ఓడెక్కి రంగూను పోవలసిందే. మా అయ్య అలాగే వెళ్లాడు. కొన్నాళ్లు కబుర్లు వచ్చాయి, తరవాత రావడం మానేశాయి. ఎందుకైనా మంచిదని అమ్మ ఒక రేకుపెట్టెలో నా పంచెలూ, దుప్పటీ సర్ది అటక మీద పెట్టించింది. ఆ పెట్టె మాట మేమెప్పుడూ ఎత్తేవాళ్లం కాదు.

కండ పట్టాలంటే ఏం తినాలో టెక్కలిలో తాలింఖానా నడిపే వస్తాదుని అడిగాను. పాలు, నెయ్యి, బాదంపప్పు, రోజూ మాంసం అన్నాడాయన తాపీగా. దండీలు తీయడం కూడా నేర్పాడు. దండీలకి ఖర్చు లేదు గనక అవి పట్టుకుని ఇంటికొచ్చాను. బాదంపప్పు సంగతి చెప్పడానికి సిగ్గేసింది గానీ, అమ్మ చెప్పించుకుని పడీపడీ నవ్వింది.

"నిన్ను సూసి జెమీందారు కొడుకనుకున్నాడు గావాల!"

మా ఇంట్లో ఉన్నవి చోడంబలి, పెరట్లో మునగాకు, సముద్రం దగ్గర గనక ఎండు నెత్తళ్లు, ఉద్దానంలో పుట్టినందుకు కొబ్బరికాయలు. ఇంకా ఉలవలు ఉండేవి, కానీ అవి మావి కావు, ఎద్దులవి. మా ఇళ్లల్లో ఉలవలు ఉడకబెట్టి, ఆ నీళ్లు వంచి మనుషులు చారు కాచుకునేవారు. మిగిలిన గుగ్గిళ్లు తొట్టిలో వేసి ఎద్దులకి పెట్టేవారు. తాతల నాటి వాటా అది, ఎవరూ మార్చాలనుకోలేదు.

ఒక పొద్దున అమ్మ గుగ్గిళ్ల కుండతో తొట్టి దగ్గర నిలబడిపోయింది. ఎద్దు మూపురం చూసింది, నన్ను చూసింది, మళ్లీ ఎద్దుని చూసింది.

"సూడ్రా, సారు తాగినోలం మనం ఇలగున్నాం. గుగ్గిల్లు తిన్నోడు అలగున్నాడు. ఇన్నాల్లూ ఎర్రిమొకాలమైపోనాం గదరా!"

"ఎద్దు తిండి తినమంతావేటే అమ్మా?"

"నువ్వు సేయబోయేదీ ఎద్దు పనే గదా. తిను."

ఆనాటి నుంచి కుండలో సగం నాది. దుక్కులు లేని రోజులు గనక ఎద్దులకి తవుడు ఎక్కువ కలిపి సర్దేది. నా వాటాకి కొబ్బరి తురిమి, ఎండుమిరపకాయ తాలింపు వేసేది. మొదట్లో నా కడుపులో జరిగిన గొడవ గురించి రాయను. అది సర్దుకున్నాక పొద్దున అంబలి తాగి దండీలు తీయడం, కావిడికి రెండు కుండలు కట్టి నేలబావి నుంచి కొబ్బరి మొక్కలకి నీళ్లు మోయడం, వచ్చి అన్నంలోకి మునగాకూ నెత్తళ్లూ తినడం. ఎంత సుఖపడ్డానో చెప్పలేను. ఆకలేస్తే తిండి ఉండేది, పడుకుంటే నిద్ర పట్టేది. భుజాలు నిండాయి, పంచె నడుము మీద నిలిచింది.

ఉప్పు తీత మొదలవగానే అమ్మా నేనూ నౌపడ వెళ్లాం. బస్తా నా వీపు మీదకి ఎత్తారు. ఇంతేనా అనిపించింది. ఆ మిడిసిపాటులో మా ఉద్దానం వాళ్ల కావిడి నడక అందుకున్నాను. మోకాళ్లు కొద్దిగా వంచి, ఊపుతో చిన్న పరుగు. కావిడి ఊగుతుంటే బరువు తెలియదు. కానీ ఇక్కడ కావిడి లేదు, నా కింద వ్యాగనుకి ఆనించిన బల్ల ఉంది. అదీ నాతోపాటు ఊగింది. సగం దారిలో బస్తాతో సహా కింద పడ్డాను.

జట్టంతా గొల్లుమంది. అమ్మ నవ్వలేదు. ఆమె ముఖం చూడగానే అటక మీది పెట్టె గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది.

మావ వచ్చి మళ్లీ నా జబ్బ పట్టుకున్నాడు. ఈసారి వేళ్లు చాలక అరచెయ్యంతా పెట్టాడు.

"కండొచ్చిందిరా నీకు. కాలే ఉద్దానంలో ఉండిపోనాది. ఊగకు. పాదమంతా ఆనించి నెమ్మదిగా నడు. ఒరే, ఈడికి ఇంకోపాలి ఎత్తండ్రా!"

ఊగకుండా నడిచాను. వ్యాగనులో బస్తా దించి వెనక్కి తిరిగేసరికి, అంతసేపూ నిలబడే ఉన్న అమ్మ అప్పుడే నేల మీద కూర్చుంటోంది.

"ఏటెట్టి పెంచినావే అప్పా ఈడిని?" అన్నాడు మావ.

"ఎద్దుల కూడు" అంది అమ్మ.

దారిలో సంతలో ఉలవలు కొని ఇంటికి చేరాం. అమ్మ నా చేత అటక మీది పెట్టె దింపించింది. పంచెలూ దుప్పటీ తీసి దండెం మీద వేసింది. ఉలవలన్నీ ఆ పెట్టెలో గుమ్మరించి మూత బిగించింది.

"ఇందలయితే ఎలకలు కొట్టవు" అంది, నా వైపు చూడకుండా.