ఎర్ర మూత, నీలి మూత

ఢాకాలో మీర్‌పూర్ వైపు రేకుల ఇళ్ళ బస్తీలో కొహినూర్ ముక్కు సంగతి తెలియనివాళ్ళు లేరు. తొమ్మిదో ఏట వచ్చిన విషజ్వరం ప్రాణం వదిలిపెట్టి వాసన పట్టుకుపోయింది. చేప కుళ్ళినా తెలియదు, అన్నం అడుగంటినా తెలియదు. కాపురానికి వచ్చిన వారానికే అత్త తేల్చేసింది, ఈ కోడలి ముక్కు పుడక పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ కొరగాదని. ముప్పై ఏళ్ళు ఆ మాట పడింది మహాతల్లి.

అలాంటి ముక్కు చూసి నలభై తొమ్మిదో ఏట ఉద్యోగమిచ్చారంటే బస్తీ అంతా ముక్కున వేలేసుకుంది.

అక్కడ లోగిలికి పది పన్నెండు కాపురాలు, అందరికీ కలిపి ఒకటే చేతిపంపు. ఆ నీళ్ళు తాగి పసివాళ్ళు విరేచనాలతో రాలిపోతున్నారు. పరిశోధన కేంద్రం వాళ్ళు వచ్చి వంద పంపులకు చిన్న డబ్బాలు బిగించారు. పంపు కొట్టినప్పుడల్లా డబ్బాలోంచి నాలుగు చుక్కలు నీళ్ళలో కలుస్తాయి. సగం డబ్బాల్లో పోసేది క్రిములను చంపే మందు, మిగతా సగంలో ఏ గుణమూ లేని ఉత్త నీళ్ళు. ఒకదానికి ఎర్ర మూత సీసా, ఇంకోదానికి నీలి మూత సీసా. ఏది ఏదో కేంద్రం బీరువాలో ఉన్న కాగితానికే తెలుసు.

అందరూ ఆపా, అంటే అక్కా, అని పిలిచే కేంద్రం డాక్టరు నఫీసా కొహినూర్‌ను కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. “మందు తాగుతున్నామని తెలిస్తే తల్లులు జబ్బులు తగ్గించి చెబుతారు. లెక్కంతా అబద్ధమైపోతుంది. అందుకే పోసే మనిషికి కూడా తెలియకూడదు. నీళ్ళలో కలిశాక వాసన తెలియదు కానీ, సీసాలో మందు ఘాటు కొడుతుంది, మామూలు మనిషి ఇట్టే పసిగడుతుంది. నువ్వు పట్టలేవు.”

నమ్మకం కోసం ఎండుచేపల డబ్బా తెరిచి ముక్కు కింద పెట్టారు. కొహినూర్ కదల్లేదు. మరునాడే మెడలో కార్డు, భుజాన సీసాల సంచీ. అత్త నోరు ఆ రోజుకు మూతపడింది.

కానీ జ్వరం ముక్కునే తీసుకుంది, కళ్ళను వదిలేసింది. రెండో నెలలో కొహినూర్‌కు తెలిసొచ్చింది. ఎర్ర మూత తీసినప్పుడల్లా కళ్ళు మండి నీళ్ళు తిరుగుతున్నాయి. నీలి దానికి ఏమీ లేదు. మందు ఏదో గ్రహించడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. చెబితే ఉద్యోగం పోతుంది. లెక్క చెడకూడదనే ఊరుకున్నానని తనకు తానే నచ్చజెప్పుకుంది. అందులో సగమే నిజం. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పనికొచ్చిన మనిషి, ఆ కార్డు వదులుకోలేకపోయింది.

పదిహేడో లోగిలిది నీలి మూత. అక్కడ ఉండేది షెఫాలి, కొహినూర్‌కు ప్రాణస్నేహితురాలు. పెళ్ళయిన పదకొండేళ్ళకు పుట్టిన కొడుకు మినహాజ్‌కు ఎనిమిది నెలలు. అప్పటికే మూడుసార్లు విరేచనాలు పట్టుకుని పిల్లాడు పుల్లలా అయిపోయాడు. ఒక రోజు షెఫాలి కొహినూర్ సంచీ పట్టుకుంది.

“వదినా, నీకు ముక్కు లేదు, నాకుంది. రెండు మూతలూ ఒక్కసారి తియ్యి, వాసన చూసి చెబుతాను. మాకు ఉత్త నీళ్ళు పోస్తున్నావని నా అనుమానం. ఎవరికీ చెప్పను, ఒట్టు.”

కొహినూర్ సంచీ ఒంటికి అదుముకుంది. “ఏది ఏదో నాకూ తెలియదు తల్లీ. నీళ్ళు కాచి పట్టు,” అంది. అక్కడ గ్యాసు వచ్చేది పొద్దున రెండు గంటలే, ఆ రెండు గంటల్లో ఒకే పొయ్యి మీద పదకొండు కాపురాలు వండుకోవాలి. ఆ సంగతీ ఆమెకు తెలుసు.

వానల్లో వీధులు మునిగిన రోజున, ఆసుపత్రికి తీసుకుపోతున్న రిక్షాలోనే మినహాజ్ కన్నుమూశాడు. బిడ్డకు ఆఖరి స్నానానికి కొహినూరే నీళ్ళు కొట్టింది. అదే పంపు. ఆ తరువాత కూడా ఆమె పని మాత్రం మానలేదు.

పని మొదలైన పద్నాలుగు నెలలకు బీరువాలో కాగితం బయటికి తీశారు. ఎర్ర మూత లోగిళ్ళలో పిల్లల జబ్బులు బాగా తగ్గాయి. ఇకనుంచి అన్ని డబ్బాల్లోనూ అదే. కొహినూర్ లేకపోతే ఈ లెక్క నిలిచేది కాదని నఫీసా ఆపా నలుగురిలో చెప్పి మిఠాయి చేతిలో పెట్టింది. కొహినూర్ దాన్ని బల్ల మీదే వదిలేసింది. ఆపాకు చెప్పాల్సింది చాలా ఉంది, కానీ ముందు చెప్పాల్సిన గుమ్మం వేరే ఉంది.

షెఫాలి బియ్యం కడుగుతోంది. కొహినూర్ ఆమె ఎదురుగా కూర్చుని ఎర్ర మూత తీసింది. షెఫాలి ముక్కు చిట్లించింది, తలెత్తి చూసింది.

“ఏడుస్తున్నావా వదినా?”

“ఏడుపు కాదు. ఇది తెరిస్తే నా కళ్ళు మండుతాయి. రెండో నెల నుంచీ ఇంతే. నీ డబ్బాలో పోసినదానికి ఎన్నడూ మండలేదు.”

బియ్యంలో షెఫాలి చెయ్యి ఆగిపోయింది. పక్కగదిలో కొత్తగా దిగినవాళ్ళ చంటిపిల్ల ఏడవడం మొదలుపెట్టింది. షెఫాలి లేచింది. కొడుతుందేమోనని, కొట్టినా బాగుండునని కొహినూర్ తల వంచుకుంది.

“డబ్బాలో మందు పొయ్యి,” అంది షెఫాలి. “ఆ పిల్లకు నీళ్ళు కావాలి. పోసేసి వెళ్ళు. నాతో మాత్రం మాట్లాడకు.”

కొహినూర్ మందు పోసి డబ్బా మూత బిగించింది. ఆమె లోగిలి దాటేసరికి వెనక పంపు చప్పుడు మొదలైంది. పక్కింటి పిల్ల కోసం షెఫాలి బిందె నింపుతోంది.