కోతల పండగ వేలం

చోడవరం రోడ్డు మీద చెరకు ట్రాక్టరు అడ్డమొస్తే బస్సులో అందరికీ ఆలస్యమైపోతోందన్న విసుగే. నాకు మాత్రం ఆ కోసిన గెడల పచ్చివాసన తగలగానే ఇప్పటికీ అసూయ పుడుతుంది. చెరకుకీ అసూయకీ మధ్య మా తమ్ముడున్నాడు.

తమ్ముడు ఆశీర్వాదం నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు జ్వరంతో ఫిట్సు వస్తే, బతికితే నీ సేవకే ఇచ్చేస్తానని అమ్మ దేవుడికి మాటిచ్చింది. వాడు బతికాడు. అక్కడితో నా కష్టాలు మొదలయ్యాయి. మాటలు సరిగా రాకముందే వాడిచేత బైబిలు కంఠత వాక్యాలు చెప్పించేది, సాయంత్రం కుటుంబ ప్రార్థనలో వాణ్ణే ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ చిన్న చేతులు రెండూ జోడించి పట్టుకునేది, క్రిస్మస్‌కి కాబోయే పాస్టరుగారని వాడికి తెల్లచొక్కా, నాకేమో ఎంత పొడుగెదిగినా పట్టేలా అంచు మడిచి కుట్టించిన పూలగౌను. ఆదివారం కోడికూరలో కార్జం ముక్క నేరుగా వాడి కంచంలోకే వెళ్ళేది. దేవుడి వాటా అనేది అమ్మ. దేవుడికి కార్జం ఇష్టమని సండే స్కూల్లో ఎవరూ చెప్పలేదు.

సెలవుల్లో అరుగు మీద మేమాడే ఆట కూడా చర్చే. గోనెపట్టా పరిచి, పాతచీర ముక్క భుజాన వేసుకుని వాడు అయ్యగారు, సంఘమంతా నేనొక్కదాన్నే. పాటలూ నేనే, చింతపిక్కల కానుకా నేనే, ప్రసంగంలో కునికే ముసలమ్మా నేనే. ఓ రోజు నేను అయ్యగారినవుతానన్నాను.

"నువ్వెలాగవుతావక్కా? నిన్నెవులూ దేవుడికివ్వలేదు కదా," అన్నాడు, ఎంతో జాలిగా.

కోపమైతే తిరిగి కొట్టొచ్చు. జాలినేం చేస్తాం? ఎవరూ ఇవ్వకపోతే నన్ను నేనే ఇచ్చుకుందామనుకున్నాను.

దానికి కోతల పండగ కంటే మంచి రోజు లేదు. ఆ ఆదివారం బుచ్చయ్యపేట వైపు పల్లెల నుంచి కూడా జనం వచ్చి తొలిపంట బలిపీఠం ముందు పెట్టేవారు: చెరకు కట్టలు, కొత్త వడ్లు, గుమ్మడికాయలు, అరటిగెలలు, బుట్టలో గుడ్లు, కాళ్ళు కట్టేసినా ప్రసంగానికి అడ్డుపడే కోడిపుంజు. ఆరాధనయ్యాక అవన్నీ వేలం వేసి, వచ్చింది చర్చికి జమచేసేవారు. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుండగా నేను వెళ్ళి చెరకు కట్టకీ గుమ్మడికాయకీ మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. నా లెక్కలో వేలం లేదు.

సంఘపెద్ద ఏలియా తాత పుంజుని అమ్మేసి, గుమ్మడికాయ కోసం వంగి నన్ను చూశాడు.

"ఏటే గుంటా, ఇక్కడేటి సేస్తన్నావు?"

"నన్ను దేవుడికిచ్చీసేను తాతా."

తాత నవ్వలేదు. గుమ్మడికాయని ఎత్తినట్టే నన్ను రెండు చేతులా పైకెత్తాడు. "సూడండి బాబూ, తిండెక్కువ, పని తక్కువ. ఎంతకి పాడతారో సెప్పండి."

వెనకనుంచి ఎవరో పుంజు కన్నా తక్కువకి పాడారు. ఆ ధరకే ఖాయమైపోతానేమోనని నాకు ఏడుపు ముంచుకొస్తుంటే, ఆడవాళ్ళ వరసలోంచి అమ్మ లేచింది. కూరకని కొంగున ముడేసుకున్న డబ్బంతా విప్పి తాత చేతిలో పెట్టింది.

ఇంటికెళ్ళేదాకా నా చెయ్యి వదల్లేదు. తిడుతుందనుకున్నాను.

"ఆడ్ని ఇచ్చీసేనే. దేవుడెక్కడికెల్లమంటే అక్కడికెల్తాడు, నేనడగలేను," అంది. "నువ్వు కూడా ఎలిపోతే నాకెవులున్నారే?"

ఆ పూట కోడికూర లేదు, పప్పుచారే. తమ్ముడు అలిగాడు. ఆ పప్పుచారు నాకు చాలా నచ్చింది.

ఇప్పుడు ఆశీర్వాదం నిజంగానే పాస్టరు, దేవరాపల్లి అవతల ఓ చిన్న సంఘానికి. అమ్మ చోడవరంలో నాతో ఉంటుంది. ముందువరసలో కూర్చుని వాడి ప్రసంగం వింటున్నప్పుడు అమ్మ మొహం చూస్తే నాకు ఇప్పటికీ మండుతుంది. నేనేం చెప్పినా అంత శ్రద్ధగా వినదు. మొన్న వాళ్ళ చర్చిలో కోతల పండగకి వెళ్ళాం. బలిపీఠం ముందు పుంజు లేదు, గెల లేదు. కవర్లు, గోడ మీద ఫోన్‌తో కానుక పంపే స్టిక్కరు. ప్రసంగం మధ్యలో ఎవరూ కూయకపోవడం వెలితిగా అనిపించింది.

భోజనాలయ్యాక తమ్ముడు ఒక్కరాత్రి ఉండమని అమ్మని బతిమాలాడు.

"నిన్ను దేవుడు సూసుకుంటాడు బాబూ. ఇదొక్కర్తీ ఉంటాది," అని అమ్మ బస్సెక్కేసింది.

వాడు సంచీ అందించి, కిటికీ దగ్గర నిలబడి నాతో మెల్లగా అన్నాడు: "అక్కా, ఆరోజు అమ్మ నన్ను కూడా కొనుక్కునుంటే బాగున్ను."

"ఇప్పుడు ఏలాలు ఎత్తీసేరు కదరా," అన్నాను.