గడప దగ్గర కుక్క, గదిలో ఎలుక

మా పూజగది గడపను మా కుక్క దాటదు. కూనగా ఉన్నప్పుడు దాన్ని వీధిలోంచి తెచ్చుకున్న కొత్తలో ఆ అలవాటు నేనే నేర్పాను. గడప మీద కాలు పెట్టబోయినప్పుడల్లా వెనక్కి లాగేవాణ్ని. ఆగితే బిస్కట్ ముక్క పెట్టేవాణ్ని. నెల తిరిగేసరికి, లోపల కొబ్బరి చిప్ప దొర్లుతున్నా సరే, గడప మీద గడ్డం ఆనించి చూసేదే తప్ప అడుగు వేసేది కాదు. ఇంటికి వచ్చినవాళ్లకు ఈ సంగతి కొంచెం గొప్పగానే చూపించేవాణ్ని. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఏ పనైనా ఒక పద్ధతిలో చేసి సాయంత్రం డైరీలో రాసుకోవడం నాకు అలవాటు. రిటైరయ్యాక నా పద్ధతికి దొరికింది ఈ కుక్క ఒక్కటేనని మా ఇంటావిడ అంటుంది.

పద్మారావునగర్‌లో మా ఇల్లు చిన్నది, పూజగది మరీ చిన్నది. కిటికీ లేదు. పైన వెంటిలేటరు, కింద మూలన కడిగిన నీళ్లు పోయే మోరీ, హాల్లోకి ఒక వాకిలి. దసరా నవరాత్రులకు ఆ గదిలో అఖండ దీపం పెట్టడం మా అమ్మ నుంచి మా ఇంటావిడకు వచ్చింది. పాడ్యమి నాడు వెలిగిస్తే దశమి దాకా ఆరకూడదు. దీపం ఉన్నన్నాళ్లు ఇంటికి తాళం వేయకూడదు, ఇద్దరిలో ఒకరం ఇంట్లో ఉండాలి. పోయిన ఏడాది సరిగ్గా ఆ రోజుల్లోనే ఆమె గుండె జబ్బుతో దవాఖానలో ఉంది, దీపం పెట్టలేదు. ఈ ఏడు డాక్టరు ఉపవాసాలు వద్దన్నాడు, గుడుల చుట్టూ తిరగడమూ వద్దన్నాడు. దీపం సంగతి ఆమె అడగలేదు, ఆయనా చెప్పలేదు.

పాడ్యమి నాడు పొద్దున వత్తి వెలిగించి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి ఆమె నాతో ఒక మాట అంది.

"ఈసారి నడుమల కొండెక్కితే ఇంక పెట్టనయా. నా చేతులతోని అయ్యేది అయిపోయిందనుకుంట."

దీపాల గురించి నాకు పెద్ద నమ్మకాలు లేవు. అయినా ఆ మాట విన్నాక ఆ వత్తిని కాపాడటం నా పని కూడా అయింది.

నిజానికి పండుగకు ముందే నా వంతు పని చేసే ఉంచాను. నూనెలో నానిన వత్తి ఎలుకకు తిండి. వెలుగుతున్న వత్తిని నోట కరుచుకుని పోయి బట్టలకు నిప్పంటించిన సంగతి మా వీధిలోనే జరిగింది. మా పూజగదిలోకి కూడా ఏటా ఒకటో రెండో వచ్చేవి. అందుకని ఈసారి గది దులిపించి, మోరీకి ఇనుప జాలీ పెట్టి చుట్టూ సిమెంటు పూశాను. వెంటిలేటరుకు జాలీ కొట్టాను. ఇక ఎలుక రావాలంటే హాల్లోంచే రావాలి, హాల్లో కుక్క ఉంది. ఆ ధీమాతోనే దీపం పెట్టుకున్నాం.

మర్నాడు నానబెట్టిన వత్తుల గిన్నెలోంచి ఒక వత్తి పోయింది. నేల మీద నూనె చార దేవుడి పీట కిందికి సాగింది. అది చూసి ఆమె నా వైపు చూసింది. ఆ సాయంత్రం కుక్క గడప దగ్గర బిగుసుకుని నిలబడింది. చెవులు ముందుకు, తోక కదలడం లేదు. పీట వెనక నుంచి బొటనవేలంత చిట్టెలుక తల బయటపెట్టి, కుక్కను చూసి, మళ్లీ వెనక్కి పోయింది. కుక్క గొంతులో ఒక సన్నని మూలుగు మొదలైంది. ముందరి కాళ్లు గడప అంచును గీకుతున్నాయి. కానీ దాటలేదు.

దాటమని నేనే చెప్పాను. లోపలికి వెళ్లి నిలబడి పిలిచాను, బిస్కట్ చూపించాను. అది నన్ను చూసి సిగ్గుపడ్డట్టు తల పక్కకు తిప్పుకుంది. చివరికి మా ఇంటావిడే, ఇన్నేళ్లుగా ఆ గది మడిని కాపాడుకుంటూ వచ్చిన మనిషి, గడప లోపల కూర్చుని రారా బిడ్డా అని చేతులు చాపింది. కుక్క గడప మీద తల పెట్టి ఆమె చేతులు నాకింది. అంతకుమించి ముందుకు రాలేదు.

మూడోనాడు మధ్యాహ్నం నేను చూస్తుండగానే ఎలుక కుంది అంచు మీదికి ఎక్కి, నూనెలో ఉన్న వత్తి కొసను పట్టి లాగింది. మంట పక్కకు ఒరిగి, చిన్నదై, నీలంగా మారింది. నేను చప్పట్లు కొట్టడంతో వదిలి పారిపోయింది. ఆమె పరుగున వచ్చి, పుల్లతో వత్తి ఎగదోసింది. మంట నిలిచాక కూడా పుల్ల వదల్లేదు.

అప్పటి నుంచి కాపలా మొదలైంది. గడప పక్కన ప్లాస్టిక్ కుర్చీ, అందులో నేను, నా కాళ్ల దగ్గర కుక్క. రాత్రి సగం ఆమె, సగం నేను. దీపానికి గాజు చిమ్నీ పెట్టి చూశాం, ఆ పూటే వేడికి పగిలింది. పక్కన ఇంకో చిన్న దీపం తోడు ఉంచుకుంటే ఒకటి ఆరినా ఇంకోటి ఉంటుందన్నాను. తోడు పెట్టుకుంటే ముందే నమ్మకం లేనట్టు కదా అంది. మందు పెడదామంటే ఇంట్లో కుక్క ఉంది. కుక్క లేకపోయినా, వినాయకుడి పటం ముందు ఆయన వాహనాన్ని చంపడానికి ఆమె ఒప్పుకునేది కాదు.

యాప్రాల్‌లో ఉండే మా బామ్మర్ది బోను పట్టుకుని వచ్చాడు. వస్తూనే నా కుర్చీని, కుక్కను, గడపను తేరిపార చూశాడు.

"ఏంది బావా గిది? తిర్మలగిరి మిల్ట్రీల సెంట్రీలకు సుత డ్యూటీ దిగే టైముంటది."

బోనులో పెట్టడానికి వేడివేడి ఉల్లి పకోడీ కూడా తెచ్చాడు. వాళ్లక్క ఆ పొట్లాన్ని చూసి వాకిట్లోనే ఆపింది. తొమ్మిది రోజులు ఉల్లి ఇంట్లోకే రాదు, దేవుడి గదిలోకి తెస్తావా అంది.

"తినేది ఎల్క అక్కా. దానికి సుత నవరాత్రులేనా?"

"నా ఇంట్ల ఉన్నన్ని రోజులు దానికి సుత నవరాత్రులే" అంది ఆమె. ఆ వారంలో ఆమె నవ్వడం అదొక్కసారే చూశాను. పకోడీలు గేటు బయట నిలబడి బామ్మర్దే తినేశాడు. బోనులో ఎండుకొబ్బరి ముక్క పెట్టాం. నైవేద్యం కొబ్బరి, నేతి చుక్కలు, నూనె వత్తులు ఉన్న గదిలో ఎండుకొబ్బరి కోసం బోనులోకి ఎవరు పోతారు? ఎలుక దాని చుట్టూ తిరిగి, పైకెక్కి, అవతలికి దిగి పోయింది.

రోజులన్నీ ఒకేలా గడిచాయి. పొద్దున నడక మానేశాను. పేపరు గడప దగ్గరే, కాఫీ గడప దగ్గరే, డైరీ ఒళ్లో పెట్టుకుని రాసుకోవడమూ అక్కడే. నూనె పొగకు కళ్లు మండేవి. కన్ను మూతపడితే మంట కదిలినట్టు తోచి ఉలిక్కిపడేవాణ్ని. సాయంత్రం వీధి చివర బతుకమ్మ పాట షురూ అయ్యేది. నేను ఉన్నాను కదా, కాసేపు పోయి ఆడవాళ్లతో కూర్చుని రమ్మంటే, ఆమె గేటు దాకా వెళ్లి, అక్కడే నిలబడి రెండు చుట్లు విని తిరిగి వచ్చేది. నేను కునుకు తీస్తానని ఆమె భయం. ఆ భయంలో అబద్ధం లేదు.

అందరికంటే కుక్క పరిస్థితి అన్యాయం. అన్నం గిన్నె పక్కనే పెట్టినా ముట్టడం లేదు. బయటికి తీసుకుపోతే గేటు దగ్గరే పని ముగించుకుని, గొలుసు తెగేలా లాగుతూ మళ్లీ గడప దగ్గరికే వచ్చేది. గడప మీద గడ్డం, ఆ గడ్డం కింద చొంగ, పీట మీదే చూపు. లోపలికి పోలేదు, అక్కడి నుంచి కదలలేదు.

ఎలుకలు పగలు ఇంతగా తిరగవు. ఇది తిరుగుతోంది. అలా చూస్తూ కూర్చున్న ఒక మధ్యాహ్నం, నేను దాన్ని దొంగగా కాక, మామూలుగా, అది ఏం చేస్తోందా అని చూశాను. పీట వెనక నుంచి బయలుదేరి గోడ వారగా మోరీ దగ్గరికి పోయింది. జాలీని కాసేపు కొరికింది. నేను పూసిన సిమెంటును గీకింది. అక్కడి నుంచి గోడ పట్టుకుని వాకిలి వైపు వచ్చింది. గడపకు మూరెడు దూరంలో కుక్క మూతి కనబడగానే ఆగి, వెనక్కి తిరిగి మళ్లీ మోరీ దగ్గరికే పోయింది. ఆ తర్వాతే దీపం వైపు. కాసేపటికి మళ్లీ అదే వరుస. మోరీ, వాకిలి, మోరీ, ఆపైన దీపం.

అది దీపం కోసం రాలేదు. నేను గదిని మూసిననాడే లోపల ఉంది. అప్పటి నుంచి బయటికి పోవడానికి చూస్తోంది.

వంటింట్లో ఉన్న ఆమెను పిలిచి చెప్పాను. నమ్మకపోతే చూడమని కుర్చీలో కూర్చోబెట్టాను. ఒక వరుస చూసింది, రెండో వరుసా చూసింది. అన్నిరోజులూ ఆ ఎలుకను తిట్టని తిట్టు లేదు ఆమె.

"అంటే మనమే లోపల పెట్టి మూసినం" అంది.

మూడో వరుస కూడా చూసింది. తర్వాత మెల్లగా అంది:

"పోయినేడు దవాఖానల కండ్లు తెర్సినప్పుడల్లా తలుపు అద్దంలకెల్లి నువ్వే కనబడేటోనివి. నువ్వున్నవని ధైర్యంగనే ఉండె. అయినా పానం ఎప్పుడు బయటపడ్తనా అని కొట్టుకునేది. నాకు తెల్వదా దాని తక్లీఫ్? కుక్కను తీసుకపో."

కుక్కను తీసుకుపోవడం అంత సులువు కాలేదు. పిలిస్తే రాలేదు. పట్టీ పట్టి లాగితే ఒళ్లంతా బరువు చేసుకుని నేలకు అంటుకుపోయింది. చివరికి నేను ముందు, ఆమె వెనక, దుప్పటి మీదికి దొర్లించి పడకగదిలోకి ఈడ్చుకుపోయాం. తలుపేశాను. అప్పుడు అసలు చిక్కు తెలిసింది. కుక్క లేకపోయినా, మనిషి వాకిలి దగ్గర ఉంటే ఎలుక రాదు. అది పోవాలంటే దీపం దగ్గర ఎవరూ ఉండకూడదు. ఎవరూ లేకపోతే అది వాకిలి వైపే పోతుందని రాసిచ్చేవాళ్లు లేరు. వత్తి లాగడానికి కూడా అదే సందు.

నేను అక్కడే చాటుగా ఉంటానన్నాను. కనబడకుండా, కదలకుండా.

"నువ్వు దగ్గకుంట ఐదు నిమిషాలు ఉండలేవు" అంది. కుందిలో నిండా నూనె పోసింది, వత్తి ఎగదోసింది, పుల్ల పక్కన పెట్టింది. గడప బయట నిలబడి ఒకసారి దణ్ణం పెట్టుకుంది. వెనక్కి చూడకుండా వచ్చి పడకగదిలో మంచం మీద కూర్చుంది. నేను తలుపు గడియ పెట్టాను.

మా ముగ్గురిలో ఎవరమూ ఆ మధ్యాహ్నం ఉండాలనుకున్న చోట లేము. కుక్క తలుపు కింది సందులో ముక్కు దూర్చి బుసబుసలాడుతోంది. ఫ్యాను వేస్తే ఆ గాలి ఎక్కడ దీపం దాకా పోతుందోనని ఆమె వేయనివ్వలేదు. సికింద్రాబాద్ అక్టోబరు ఉక్కలో చెమట కారుతోంది. పూజగది వైపు నుంచి ఏ చప్పుడూ లేదు. గిన్నె కదిలినట్టు ఒకసారి వినిపించింది. నేను లేచాను, ఆమె నా చొక్కా పట్టి కూర్చోబెట్టింది. ఆ పట్టుకున్న చేయి తర్వాత కూడా తీయలేదు.

ఎంతసేపు అలా ఉన్నామో ఆ రోజు డైరీలో నేను రాయలేదు. గడియారం వైపు చూడటానికి కూడా ధైర్యం లేకపోయింది. కుక్క ఉన్నట్టుండి లేచి తలుపు మీదికి దూకి, ఒకే ఒక్కసారి మొరిగింది. ఆ తర్వాత ఆమె లేచి తానే గడియ తీసింది.

దీపం వెలుగుతోంది. మంట చిన్నదైంది, వత్తి నెత్తిన మసి గుబ్బ కట్టింది. కానీ వెలుగుతోంది. గడప మీద పూసిన పసుపు మీద సన్నని నూనె అడుగులు, లోపలి నుంచి బయటికి. హాలు బండల మీద నాలుగు చోట్ల కనబడి, వంటింటి వైపు మాయమయ్యాయి. ఆమె వత్తి ఎగదోసి, మసి దులిపింది. తర్వాత వంటింట్లోకి పోయి గిన్నెలన్నిటి మీదా మూతలు పెట్టింది.

కుక్క ఆ అడుగులను వంటింటి దాకా వాసన చూసింది. అయినా తిరిగి వచ్చి, ఖాళీ గది ముందు, గడప మీద గడ్డం ఆనించి పడుకుంది. ఎలుక అక్కడ లేదని దానికి నేను ఏ పద్ధతిలోనూ చెప్పలేకపోయాను. దశమి దాకా అది అలాగే ఉంది.

దశమి సాయంత్రం ఆమె నూనె పోయడం మానేసి, దీపం తనంతట తాను కొండెక్కేదాకా కుక్క పక్కనే నేల మీద కూర్చుంది. నేను కుర్చీలోనే ఉన్నాను. పొగ పల్చగా లేచి వెంటిలేటరు వైపు పోయాక, కుంది తీసి ఒళ్లో పెట్టుకుని జిడ్డు తుడవసాగింది.

"వచ్చే ఏడు జాలీ కొట్టే ముందట లోపల ఎవలన్న ఉన్నరా, జెర చూసి కొట్టు" అంది.

సరేనన్నాను.