అందరికీ బంగారమే

మా చెల్లెలికి నోరు లేదు. అక్కనైనందుకు దాని వాటా నోరు కూడా నేనే పట్టుకుపోయానని ఇంట్లో వెక్కిరింత. సంచుల దుకాణంలో జిప్పులు మార్చడం దాని పని. సూట్‌కేసైనా, బడి సంచీ అయినా పళ్లూడిన జిప్పును ఊడదీసి, పాత కుట్టు రంధ్రాల్లోంచే కొత్తది కుడుతుంది. అంత ఓపిక నాకుంటే ఈపాటికి ఏ కొండో తవ్వేసేదాన్ని. ఆ ఓపికను కూడా కూతురు అరగదీసింది.

ఆ కూతురికి మేం పెట్టుకున్న ముద్దుపేరు బొంగరం. ఎనిమిదేళ్లది. ఒక కాలికి మేజోడు తొడుక్కుని రెండోదాన్ని వెతకబోతుంది. దారిలో పంపు కనిపిస్తే చేతులు తడుపుకుంటుంది, అక్కణ్ణించి కిటికీ ఎక్కుతుంది. బడి బస్సు వెళ్లిపోయేసరికి ఒంటి మేజోడుతో నిలబడి ఉంటుంది. ఏ లెక్కా చివరిదాకా చెయ్యదు. ఇవన్నీ ఎలాగో నెట్టుకొచ్చారు. కానీ ఈ మధ్య ఏ పొరపాటు జరిగినా "నేను చెడ్డదాన్ని" అంటూ తల గోడకేసి కొట్టుకుంటోంది. అది చూశాక మా చెల్లెలు నన్ను వెంటబెట్టుకుని దాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఇది జబ్బే అయితే, తప్పు తనది కాదన్న మాట ఆ పిల్ల ఒక డాక్టరు నోట వినాలి. మా చెల్లెలు కోరుకున్నది అంతే.

డాక్టరమ్మ మంచి మనిషే. చెప్పిందంతా విని, "ఏడీహెచ్‌డీ కావచ్చమ్మా. నిలకడ కుదరకపోవడం అన్నమాట. కానీ మీ ఒక్కరి మాట మీద తేల్చకూడదు. ఇంట్లోనే కాదు, ఇంకోచోట కూడా ఇలాగే ఉంటోందా అన్నది చూడాలి. నాన్నను, నానమ్మను, టీచరును అడిగి అందరి మాటా కలిపి చూస్తాను" అంది. సబబుగానే తోచింది. నలుగురూ చెబితే నిజం తేలుతుందని మేమూ సంబరపడ్డాం.

అక్కడే కొంప మునిగింది. డాక్టరు అడగడమంటే మావాళ్లకు, ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు పక్కింటికొచ్చి మనిషి ఎలాంటిదని ఆరా తీసినట్టు తోచింది. అలాంటప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేదెవరు?

"ఇదేం పిల్లే, నా ప్రాణం తోడేస్తోంది" అని రోజూ నెత్తి బాదుకునే చెల్లెలి అత్తగారు డాక్టరు ముందు చేతులు కట్టుకుని కూర్చుంది. "మా మనవరాలు బంగారమండి. కూర్చోమంటే కూర్చుంటుంది, లెమ్మంటే లేస్తుంది" అంది. నేను మోచేత్తో పొడిచాను.

"ఏంటమ్మాయ్ పొడుస్తావ్? పరాయివాళ్ల ముందు నా మనవరాలి మీద చాడీలు చెప్పనా?" అని గది బయటికొచ్చాక నా మీద ఇంతెత్తున లేచింది.

మా మరిది, అంటే పిల్ల తండ్రి, లారీ నడుపుతాడు, వారానికోసారి ఇల్లు చూస్తాడు. పాపం, ఆయన అబద్ధమాడలేదు. "లారీలో నా పక్కన కూర్చుంటే గంటలకొద్దీ కదలదండి. చిన్నప్పుడు నేనూ అల్లరే. ఇప్పుడింత బండి నడపట్లేదా?" అన్నాడు. కదిలే పనంతా లారీయే చేస్తుంటే పిల్లెందుకు కదులుతుంది? ఆ మాటే అంటే, "ఊరుకో వదినా, నువ్వు మరీను" అని నవ్వేశాడు.

ఇక మిగిలింది టీచరు. ఆవిడతో డాక్టరు ఫోన్లో మాట్లాడింది. ఏం చెప్పిందో కనుక్కుందామని చెల్లెలూ నేనూ బడికి వెళ్లాం.

"చురుకైన పిల్ల, ఏ ఇబ్బందీ లేదని చెప్పానమ్మా" అంది టీచరు, శుభవార్త చెబుతున్నట్టు. "కూర్చోలేదనేగా పుస్తకాలు పంచడం, బోర్డు తుడవడం, ఆఫీసు గదికి తిరగడం అన్నీ దానికే అప్పజెప్పాను. అదంతా చెబితే పిల్లకి లేనిపోని ముద్ర పడదూ?"

"ఆ సంగతే చెప్పండి మేడమ్, మీకు పుణ్యముంటుంది" అని మా చెల్లెలు బతిమాలింది.

"ఒకసారి బాగుందని చెప్పి ఇప్పుడు మాట మారిస్తే ఏం బాగుంటుంది? మీ మేలు కోరేగా చెప్పాను!"

ఒళ్లు మండిపోయింది నాకు. కానీ ఎవరినని తిట్టను? అందరూ పిల్లను ప్రేమించేవాళ్లే. ప్రేమతోనే గొంతు కోశారు.

డాక్టరమ్మ చివరికి మా ఇంటివాళ్లందర్నీ పిలిపించింది. "ముగ్గురు బాగుందంటున్నారు, తల్లి ఒక్కరే కాదంటున్నారు. ఇప్పుడే పేరు పెట్టడం సబబు కాదు. కొన్నాళ్లు చూద్దాం" అని, మా చెల్లెలి వైపు తిరిగి, "మీరు బాగా అలిసిపోయినట్టున్నారమ్మా. కాస్త విశ్రాంతి తీసుకోండి" అంది. నేను టీచరు మాటలు చెప్పబోయాను. "ఆవిడ నాకలా చెప్పలేదే" అంది డాక్టరమ్మ నెమ్మదిగా. ఆ డాక్టరమ్మ తప్పు మాత్రం ఏముంది?

వరండాలోకి రాగానే చెల్లెలు నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నేనేమైనా కలగన్నానా?" అంది. తన కళ్లను తనే నమ్మలేని స్థితికి తెచ్చారు దాన్ని.

అత్తగారి ముఖం వెలిగిపోతోంది. మా మరిది కూతుర్ని ఎత్తి గిర్రున తిప్పాడు. "నీకేం లేదే బొంగరం! డాక్టరే చెప్పింది" అన్నాడు.

పిల్ల నవ్వలేదు. కిందికి దిగి, తల్లి దగ్గరికొచ్చి నిలబడింది.

"నిజంగా నాకేం లేదా అమ్మా?"

"లేదంట తల్లీ."

"మరైతే అవన్నీ నేను కావాలనే చేస్తున్నానా?"